‘చిక్కులలో పడుట’ను తెలుపు ఆంగ్ల జాతీయములు



ఒక సన్నివేశమును ఊహింపుడు. ఒక విద్యార్థి మిత్రుని పెట్టె రైలు ప్రయాణమున పోయినది. అందులోనే అతని సర్టిఫికెట్లన్నియు ఉన్నవి. ఉద్యోగమునకు దరఖాస్తు పంపవలసిన గడువు నాలుగు దినములే ఉన్నది. మిత్రునికి ఆంగ్లమున వ్రాయు అలవాటు తక్కువ. అందుచేత ఈ విద్యార్థియే పూనుకొని, గడువు పొడిగింపుమని కోరుచు అధికారికి లేఖ వ్రాసినాడు. ఈమధ్య తాను నేర్చిన జాతీయమొకటి అందులో ప్రయోగింపవలెనను ఉబలాటముతో, ‘మై ఫ్రెండ్ హాజ్ గాట్ ఇంటు హాట్ వాటర్’ అని మొదలుపెట్టినాడు.

ఈ వాక్యమున వ్యాకరణ దోషము లేదు. అయినను లేఖ చదివిన అధికారి మనస్సున కలుగు మొదటి ప్రశ్న యేమి? “ఇంతకును ఈ మిత్రుడు చేసిన తప్పేమి?” అనియే. ఏలయన ‘హాట్ వాటర్’లో పడుట యనగా కేవలము కష్టమున పడుట కాదు, ఏదో చేయరాని పని చేసి, పైవారి కోపమునకో శిక్షకో గురియగుట. పెట్టె పోగొట్టుకొన్న నిరపరాధిని, మేలు చేయబోయిన స్నేహితుడే అపరాధిగా నిలిపినాడు. జాలి కలిగింపవలసిన లేఖ అనుమానమును కలిగించినది.

జాతీయమునకు అర్థము తెలిసికొన్నంత మాత్రమున అది మనది కాదని చెప్పుటకే ఈ వ్యాసము. ‘ఇబ్బందిలో ఉండుట’ అని నిఘంటువు ఒకే అర్థమును వ్రాయు జాతీయములు ఆంగ్లమున అనేకములు కలవు. కాని అవి ఒకదానికొకటి బదులు కావు. ప్రతి దానిని మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఒకటి: అది కన్నులకు కట్టించు చిత్రమేది? రెండు: తప్పు ఎవరిదని అది సూచించును? మూడు: దానిని ఎవరి యెదుట పలుకవచ్చును? ఈ మూడింటిలో మొదటిదానిని మాత్రమే తెలిసికొని తృప్తిపడుట మనలో చాలమందికి అలవాటు.

వంటయింటి జాతీయములు

మొదట వంటయింటినుండి పుట్టిన వానిని చూతము. ‘హాట్ వాటర్’ను ఇబ్బంది యను అర్థమున ఆంగ్లేయులు 16వ శతాబ్దమునుండియు వాడుచున్నారు. మన తెలుగున వేడినీటికి ఈ దుష్కీర్తి లేదు. ‘వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు’ అనునపుడు కొద్దిపాటి సహాయమే మన తలంపు. కావున తెలుగు భావముతో ఈ ఆంగ్ల జాతీయమును సమీపించినచో త్రోవ తప్పుదుము.

‘ఇన్ ది సూప్’ అమెరికాలో 19వ శతాబ్దపు చివరి దశకములలో ప్రచారమునకు వచ్చినది. పి. జి. వోడ్‌హౌస్ హాస్య నవలలు చదివిన వారికి ఇది సుపరిచితము. అందులోని కథానాయకుడు బెర్టీ వూస్టర్ ఎప్పుడును ఏదో యొక ‘సూప్’లో ఉండనే యుండును, సేవకుడు జీవ్స్ అతనిని వెలికి తీయుచునే యుండును. దీనికి మన తెలుగున అతి సమీపమైనది ‘కుడితిలో పడిన ఎలుక’. రెండింటను పాత్రలోని ద్రవమే. రెండింటను గిలగిల కొట్టుకొనుటయే. రెండింటను వినువారికి కొంచెము నవ్వు. ఆ నవ్వును మరువరాదు. ఎదుటివాని కష్టము నిజముగా పెద్దదైనపుడు, అనగా ఇంట మరణము సంభవించినపుడో, జబ్బు చేసినపుడో, ‘సూప్’ అనుట హృదయము లేని మాట యగును.

‘ఇన్ ఎ పికిల్’ అనునది చాల పాతది. షేక్‌స్పియర్ ‘ది టెంపెస్ట్’ నాటకమున కూడ ఇట్టి ప్రయోగము కలదు. అచట అది త్రాగి తూలుచున్న వాని అవస్థను గూర్చినది. ‘పికిల్’ అను మాటకు మొదటి అర్థము ఉప్పునీరు లేక పులుసు. డచ్చి భాషలోని సజాతీయ పదమునకును అదియే అర్థము. ఆ పులుసులో మునిగిన దోసకాయవలె చిక్కున పడియుండువాడు ‘పికిల్’లో ఉన్నవాడు. ఇచట మన కళాశాల విద్యార్థులకు ఒక సౌకర్యము కలదు; మూడు భాషల ఊరగాయలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగలరు. తెలుగున ‘వానిని పచ్చడి చేసినారు’ అన్నచో చితుకగొట్టిరని అర్థము. ఉర్దూలో ‘ఇస్ కా క్యా అచార్ డాలోగే?’ అన్నచో, పనికిరాని దీనిని దాచిపెట్టి ఏమి చేసికొందువని ఎత్తిపొడుపు. ఆంగ్లమున మాత్రమే అది ఇబ్బంది. జాడీ ఒకటే, రుచులు మూడు. ఒక భాషలోని జాతీయమును మాటకు మాటగా మరియొక భాషలోనికి తేరాదనుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము అక్కరలేదు.

అయితే కొన్నియెడల భాషలు ఆశ్చర్యకరముగా కలిసికొనును. ‘అవుట్ ఆఫ్ ది ఫ్రైయింగ్ పాన్ ఇంటు ది ఫైర్’ అను సామెత జాన్ హేవుడ్ 1546లో ప్రకటించిన సామెతల గ్రంథమున ఉన్నది. మన ‘పెనము మీదినుండి పొయ్యిలో పడినట్లు’ అనుదానికిని దీనికిని వెంట్రుకవాసి భేదము లేదు. ఉర్దూవారు అదే భావమును వేరు చిత్రముతో చెప్పుదురు: ‘ఆస్మాన్ సే గిరా, ఖజూర్ మేఁ అట్‌కా’. ఆకాశమునుండి పడినవాడు ఖర్జూరపు చెట్టున చిక్కుకొన్నాడు. ఇంకను చమత్కారమైనది, ‘నమాజ్ బఖ్ష్‌వానే గయే థే, రోజే గలే పడ్ గయే’. నమాజు మాన్పించుకొనుటకు పోయినవానికి ఉపవాసములు కూడ మెడకు తగులుకొన్నవి.

ఇరుకున పడుట

రెండవ వర్గము ఇరుకు చోట్లకు సంబంధించినది. ‘ఇన్ ఎ జామ్’ అనుదానిని రొట్టెకు పూసుకొను జామ్‌తో ముడిపెట్టువారు కలరు, అది పొరపాటు. ఇచట ‘జామ్’ అనగా ఒత్తిడిచే బిగిసి కదలలేకుండుట. ట్రాఫిక్ జామ్‌లో ఉన్న జామ్ ఇదియే. ‘ఇన్ ఎ ఫిక్స్’, ‘ఇన్ ఎ టైట్ స్పాట్’, ‘ఇన్ ఎ బైండ్’ అనునవి దీని బంధువులు. వీని ముఖ్యలక్షణము గమనింపుడు: వీనిలో నింద లేదు. జామ్‌లో ఉన్నవాడు తప్పు చేసి యుండవచ్చును, చేయకయు ఉండవచ్చును. ఆ జాతీయము ఆ విషయమున మౌనము వహించును. మన ‘అడకత్తెరలో పోకచెక్క’ ఇట్టిదే. పోకచెక్క చేసిన తప్పేమున్నది? ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ అనునదియు అట్టిదే. దానికి జంటగా ఉర్దూలో ‘ఆగే కువాఁ, పీఛే ఖాయీ’ ఉన్నది. ఆంగ్లమున ‘బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ బ్లూ సీ’ ఉన్నది. పెట్టె పోయిన మిత్రుని గూర్చి స్నేహితునితో ముచ్చటించునపుడు తగిన మాట ‘జామ్’ గాని ‘హాట్ వాటర్’ కాదు.

‘స్టికీ వికెట్’ అనునది క్రికెట్ ప్రియులకు ఇష్టమైనది. పూర్వము పిచ్‌ను వానకు కప్పెడివారు కారు. వాన వెలిసి, తడిసిన నేల ఎండకు ఆరుచున్నపుడు బంతి ఎట్లు లేచునో, ఎటు తిరుగునో బ్యాట్స్‌మన్‌కు అంతు పట్టెడిది కాదు. ఆట మంచిదే, ఆటగాడు మంచివాడే, నేల మాత్రము ప్రతికూలము. నేడు పిచ్‌లను కప్పుచున్నందున ఆ నేల దాదాపు కనుమరుగైనది. మాట మాత్రము మిగిలినది. ఇచటను నింద లేదు. పరిస్థితి కఠినమైనదని మాత్రమే భావము.

‘అప్ ది క్రీక్ వితౌట్ ఎ పాడిల్’ అనునది అమెరికా పలుకుబడి. వాగులో పడవపై చాల దూరము పోయిన పిమ్మట తెడ్డు లేదని తెలిసికొన్నవాని స్థితి. ఈ మాటకు ఒక అసభ్య రూపాంతరము కూడ వాడుకలో ఉన్నందున, సగము పలికినను వినువారికి తక్కిన సగము స్ఫురించును. పెద్దల యెదుటను, వ్రాతపనిలోను దీనిని విడుచుట క్షేమము.

కోరి తెచ్చుకొనుట

మూడవ వర్గమున నింద స్పష్టము. తప్పు తనదే. ‘ఆస్కింగ్ ఫర్ ట్రబుల్’ అనగా కష్టమును పిలిచి తెచ్చుకొనుట. ఉర్దూలోని ‘ఆ బైల్ ముఝే మార్’, అనగా ఎద్దా రా, నన్ను పొడువుము అనునది దీనికి సరిజోడు. ‘ప్లేయింగ్ విత్ ఫైర్’కు మన ‘కొరివితో తల గోకుకొనుట’ దీటైనది. పైగా మనది మరికొంత చురుకైనది. ‘షూటింగ్ వన్‌సెల్ఫ్ ఇన్ ది ఫుట్’ అని వారు తుపాకితో చేసికొన్న పనిని ఉర్దూవారు గొడ్డలితో చేసికొందురు: ‘అప్‌నే పాఁవ్ పర్ కుల్హాడీ మార్‌నా’. మనము కూర్చున్న కొమ్మను నరుకుకొందుము. పనిముట్లు వేరు, బుద్ధిహీనత ఒకటే.

‘పెయింటింగ్ వన్‌సెల్ఫ్ ఇంటు ఎ కార్నర్’ అనుదానిని విద్యార్థులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. గది నేలకు రంగు వేయువాడు తలుపు దగ్గర మొదలుపెట్టి వెనుకకు జరుగుచు పోయి, చివరకు మూలలో చిక్కుకొనును. చుట్టును తడి రంగు, బయటకు దారి లేదు. ముందు ఆలోచింపక ఒక్కొక్క మాట ఇచ్చుకొనుచు పోయి, తుదకు ఏ మాటయు నిలుపుకొనలేని స్థితికి వచ్చినవానికి ఇది చెల్లును.

‘బైటింగ్ ఆఫ్ మోర్ దాన్ వన్ కెన్ చ్యూ’ అనుదానిని కొందరు ‘మ్రింగలేక, క్రక్కలేక’ అని తెనిగింతురు. చిత్రములు దగ్గరవే గాని భావములు దూరము. ఆంగ్లమున అది శక్తికి మించిన పనిని తలకెత్తుకొనుట. తెలుగున అది చెప్పలేక, చెప్పకుండ ఉండలేక పడు బాధ. పోలిక చూచి మోసపోరాదు. పోలికలున్న జాతీయములే పరీక్షలలో ఎక్కువ మార్కులను హరించును.

తలదూర్చిన పిమ్మట వెనుదీయుట తగదను భావమున మనకు ‘రోట తల దూర్చి రోకటిపోటుకు వెరవనేల’ అను సామెత కలదు. ఉర్దూలో ‘ఓఖ్‌లీ మేఁ సర్ దియా తో మూస్‌లోఁ సే క్యా డర్‌నా’ అనునది అక్షరాల అదియే. రోలును, రోకలియు మన ఇండ్లలో ఉన్నవి గనుక మాటలును ఒకటైనవి. ఆంగ్లేయుడు ఇదే భావమును రూపాయి అణాల లెక్కవలె ‘ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్’ అనును.

పిమ్మట అనుభవించుట

చిక్కులో పడిన పిదప జరుగు దానికిని మాటలు కలవు. ‘ఫేస్ ది మ్యూజిక్’ అనగా సంగీత సభకు పోవుట కాదు. చేసిన దాని ఫలమును తలవంచి ఎదుర్కొనుట. ‘ఫర్ ది హై జంప్’ అనగా ఆటల పోటీలో పాల్గొనుట కాదు. కఠిన శిక్ష తప్పని స్థితిలో ఉండుట. ఈ రెండింటిని మాటకు మాటగా అర్థము చేసికొన్నవాడు, మందలింపు వార్తను శుభవార్తగా ఎంచును!

‘క్యారీ ది కాన్’ అనగా పలువురు చేసిన తప్పునకు ఒకడే నింద మోయుట. ఉర్దూలోని ‘కరే కోయీ, భరే కోయీ’ దీనికి దగ్గర. ‘ఇన్ ది డాగ్‌హౌస్’ అనునది ఇంటి జాతీయము. భార్యకో భర్తకో స్నేహితునికో కోపము తెప్పించి, కొన్నాళ్ళు మాటపలుకు లేక వెలియైనట్లు ఉండుట. జె. ఎం. బారీ 1911లో ప్రకటించిన ‘పీటర్ అండ్ వెండీ’ నవలలో, పిల్లలు ఇల్లు విడిచిపోవుటకు తానే కారణమని పశ్చాత్తాపపడిన తండ్రి కుక్కగూటిలో కాపురముండును. ఆ చిత్రము జాతీయమును జ్ఞాపకముంచుకొనుటకు మంచి తోడు. ఇది చిన్న అలుకలకే గాని కోర్టు శిక్షలకు చెల్లదు. చివరకు నింద తొలగిపోయినచో ‘ఆఫ్ ది హుక్’ అందురు. గాలమునుండి చేప తప్పించుకొన్నట్లు.

వ్యాకరణము, సభ్యత

ఈ జాతీయములు గట్టిపడిన మాటలు. వీనిని మనము సవరింపరాదు. ‘హాట్ వాటర్’కు ముందు ‘ఎ’ గాని ‘ది’ గాని రాదు. ‘జామ్’, ‘పికిల్’, ‘ఫిక్స్’లకు ముందు ‘ఎ’ వచ్చును. ‘సూప్’, ‘డాగ్‌హౌస్’లకు ముందు ‘ది’ వచ్చును. నీరు వేడిదే గాని గోరువెచ్చనిది కారాదు. ఊరగాయకు మామిడికాయ అని పేరు పెట్టరాదు. ఉన్న స్థితిని తెలుపునపుడు ‘ఇన్’, పడుటను తెలుపునపుడు ‘గెట్ ఇంటు’, బయటపడుటను తెలుపునపుడు ‘గెట్ అవుట్ ఆఫ్’ వాడవలెను. ఇతరుల వలన పడినచో ‘హి గాట్ మి ఇంటు ఎ జామ్’ అనవలెను. ఈ చిన్న మార్పుతో నింద ఎవరిదో తేలిపోవును.

ఇక సభ్యత. ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో ఆంగ్లము బోధించుచు, సహచరులతో కలిసి అచటి విద్యార్థులకొరకు కూర్చిన నిఘంటువు 1942లో అచ్చటనే వెలువడినది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయము దానిని లోకమునకందించినది. విదేశీయుల కొరకు వ్రాసిన ఇట్టి నిఘంటువులలో మాట ప్రక్కన అది వాడుకమాటయా, మోటుమాటయా అను గుర్తు ఉండును. మనము అర్థమును చూచి పుట తిప్పుదుము. ఆ చిన్న గుర్తును చూడము. ఔషధపు సీసాపై పేరు చదివి మోతాదు చదువకుండుట వంటిదే ఇది.

ఒకే కష్టమును నాలుగు మెట్లపై చెప్పవచ్చును. అధికారికి: ‘ఐ ఫైండ్ మైసెల్ఫ్ ఇన్ డిఫికల్టీ’. అధ్యాపకునికి: ‘ఐ హావ్ ఎ ప్రాబ్లమ్’. సహపాఠికి: ‘ఐ యామ్ ఇన్ ఎ జామ్’. అతి చనువుగల మిత్రునికి మాత్రమే: ‘ఐ యామ్ అప్ ది క్రీక్’. మనము తెలుగున పెద్దలకు దరఖాస్తు పెట్టుకొనునపుడు ‘అయ్యా, నేను కుడితిలో పడితిని’ అని వ్రాయుదుమా? వ్రాయము. ఆ విచక్షణ మనకు తల్లి ఒడిలోనే అబ్బినది. దానిని ఆంగ్లమునకును వర్తింపజేయుటయే మనము చేయవలసిన పని. జాతీయము వాడినంతనే ఆంగ్లము వచ్చినట్లని కొందరి భ్రమ. ఎచట వాడరాదో తెలిసినవానికే అది వచ్చినట్లు.

అభ్యాసము

కింది సందర్భములకు తగిన జాతీయమును ఎన్నుకొనుడు.

1. గ్రంథాలయ పుస్తకములో పుటలు చింపి పట్టుబడిన విద్యార్థి.
2. ఒకే దినమున రెండు ఇంటర్వ్యూలకు పిలుపు వచ్చిన నిరుద్యోగి.
3. వక్తృత్వము, నాటకము, క్రికెట్, పత్రిక అన్నింటి బాధ్యతయు ఒక్కడే తీసికొన్న కార్యదర్శి.
4. నలుగురు కలిసి అల్లరి చేయగా తాను మాత్రమే జరిమానా కట్టినవాడు.
5. చెల్లెలి పెండ్లి తేదీ మరచి ఊరికి పోయి వచ్చిన అన్న.

సమాధానములు: మొదటివాడు ‘హాట్ వాటర్’లో ఉన్నాడు. రెండవవాడు ‘జామ్’లో ఉన్నాడు, అతని తప్పు లేదు. మూడవవాడు నమలగలిగినదానికంటె ఎక్కువ కొరికినాడు. నాలుగవవాడు ‘కాన్’ మోసినాడు. ఐదవవాడు ‘డాగ్‌హౌస్’లో ఉన్నాడు, ఎంతకాలమో చెల్లెలే చెప్పవలెను.

ముగింపు

1868లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అను ఆంగ్లేయుడు మన సామెతలను సేకరించి, ఆంగ్లానువాదముతో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ అను పేర మద్రాసున ప్రకటించినాడు. ఎస్. డబ్ల్యు. ఫాలన్ కూర్చిన హిందూస్తానీ సామెతల నిఘంటువు ఆయన మరణానంతరము 1886లో వెలువడినది. మన భాషలను నేర్వదలచిన పరాయివారు, వ్యాకరణముతో తృప్తి చెందక, మన రోలును, రోకలిని, కుడితిని, ఖర్జూరపు చెట్టును వెదకికొనుచు వచ్చినారు. వారి భాషను నేర్చుచున్న మనము అంతటి శ్రద్ధ చూపుట న్యాయము. పైగా మనకు రెండు భాషల ధనము ముందే చేతనున్నది. తెలుగు ఇంటినుండి వచ్చినవారు ఉర్దూ సహపాఠిని, ఉర్దూ ఇంటినుండి వచ్చినవారు తెలుగు సహపాఠిని, ‘దీనిని మీ ఇంట ఏమందురు?’ అని అడిగినచో, ఒక్క ఆంగ్ల జాతీయమును నేర్చుకొనబోయి మూడు భాషలను నేర్చుకొందురు.

ఇక ఆ లేఖ సంగతి. విద్యార్థి దానిని పంపక మునుపే ఇంకొకసారి చదివికొని, మొదటి వాక్యమును కొట్టివేసి, ‘మై ఫ్రెండ్ లాస్ట్ హిజ్ సర్టిఫికెట్స్ ఆన్ ఎ ట్రెయిన్ జర్నీ’ అని వ్రాసెననుకొందము. అందు జాతీయము లేదు, చమత్కారము లేదు. జరిగినది జరిగినట్లున్నది. మిత్రునిపై నింద లేదు. అధికారికి తెలియవలసినదంతయు తెలిసినది. జాతీయములను ఇన్ని నేర్చిన పిమ్మట, వానిని విడువవలసిన చోట విడువగలుగుటయే ఈ పాఠమునకు ఫలము.